మిరుగం నాటి చేప ముక్క: స్లీవ్ సర్జరీ తర్వాత ఆరో వారంలో ఒక కేసు

ముషీరాబాద్ వైపు కర్రీ పాయింట్ నడుపుకునే 44 ఏళ్ల ఆమె కేసు ఇది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, గుర్తుపట్టే వివరాలు రాయడం లేదు. బరువు తగ్గే సర్జరీ చేసే టీమ్‌లో నేను డైటీషియన్‌ని. ఈ కేసులో పొరపాటు ఎక్కువ భాగం నాదే. అది నేను ఇచ్చిన చార్ట్‌లో ఒకే ఒక్క మాట దగ్గర జరిగింది. ఆ మాట "చేప".

మా దగ్గరకు వచ్చేనాటికి ఆమె ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, బీఎంఐ 46. పదకొండేళ్లుగా షుగర్ ఉంది, మోకాళ్లు అరిగాయి. రాత్రిళ్లు గురకతో పాటు మధ్యమధ్యలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా కూడా ఉంది. ఏప్రిల్ చివరి వారంలో లాప్రోస్కోపీ ద్వారా స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేశారు. ఈ సర్జరీలో జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా మిగులుస్తారు. మొదట్లో దానిలో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు. మామూలు జీర్ణాశయంలాగా అది సాగదు. లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. అందుకే మెత్తగా నమలనిది ఏదైనా లోపలికి వెళ్తే ఛాతీ మధ్యలోనే తెలిసిపోతుంది.

మొదటి రెండు వారాలు ద్రవాలే: పలుచటి మజ్జిగ, పప్పు తేట, వడకట్టిన చికెన్ సూప్, ప్రొటీన్ పౌడర్. మూడు, నాలుగు వారాల్లో మిక్సీ పట్టిన మెత్తటి గుజ్జు. ఇవి ఇబ్బంది లేకుండానే గడిచాయి. అయిదో వారం నుంచి మెత్తటి ఆహారం మొదలుపెట్టాం. ఈ వారాల లెక్క ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటుంది, ఇది మా పద్ధతి.

అయిదో వారం చివర్లో ఆమె రాసుకొచ్చిన డైరీ చూశాను. ఒక గుడ్డు, చిన్న పనీర్ ముక్క, కప్పు పెరుగు, గరిటెడు పప్పు, ఒక గ్లాసు పాలు, అర స్కూప్ పౌడర్. కూడితే రోజుకు 39, 40 గ్రాముల ప్రొటీన్ దాటడం లేదు. ఈ సర్జరీ తర్వాత కనీసం 60 గ్రాములు కావాలి. అది అందకపోతే బరువుతో పాటు కండ కరుగుతుంది, నీరసం వస్తుంది, మూడు నాలుగు నెలలకు ఎలాగూ మొదలయ్యే జుట్టు రాలడం ఇంకా ఎక్కువవుతుంది. పౌడర్ పెంచమంటే ఆమె ముక్కు మూసుకుంది. సర్జరీ తర్వాత రుచి, వాసన మారిపోవడం మామూలే. ముందు ఇష్టంగా తాగిన వెనిలా ఇప్పుడు ఆమెకు వెగటు.

అలాంటప్పుడు చేప మంచి దారి. కోడి, మేక కండలో పొడవాటి పీచు ఉంటుంది. చేప కండ పొట్టి పొట్టి పొరలుగా ఉంటుంది, ఆ పొరల్ని కలిపి ఉంచే పదార్థం కూడా తక్కువ. కొద్ది వేడికే కరిగిపోతుంది కాబట్టి ఉడికిన చేప వేలితో తాకితే రేకులుగా విడిపోతుంది. 30 గ్రాముల ఉడికిన చేపలో ఆరేడు గ్రాముల ప్రొటీన్ వస్తుంది. అందుకే చార్ట్‌లో "గుడ్డు, పనీర్, చేప" అని రాసిచ్చాను.

అదే రోజు ఆమె నన్ను ఒక మాట అడిగింది. "మేడమ్, నాకు ఆయాసం వస్తుంటది కదా, ఎనిమిదో తారీఖు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌ల చాప మందు ఇస్తరు. మా మరిది పట్కపోతనంటున్నడు. తీస్కోవచ్చా?"

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పనవసరం లేదు. మృగశిర కార్తె (ఇక్కడి వాడుకలో మిరుగం) మొదలయ్యే రోజున బత్తిని కుటుంబం వాళ్లు ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇచ్చే చేప ప్రసాదం అది. రెండు మూడు అంగుళాల బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. ఆమె నమ్మకం జోలికి నేను వెళ్లలేదు. ఆరు వారాల స్లీవ్‌లోకి నమలకుండా మింగేది ఏదీ వెళ్లకూడదని చెప్పాను. చేపే కాదు, పెద్ద మాత్ర అయినా సరే. ఆమె ఒప్పుకుంది. ఆయాసం గురించి ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించమని చీటీ రాసిచ్చాను. ఒక ప్రమాదాన్ని ముందే ఆపానన్న తృప్తితో ఆ రోజు ఇంటికి వెళ్లాను.

ఆ మిరుగం నాడు ఆమె ఇంట్లో పొయ్యి మీద ఏం ఉంటుందో మాత్రం నేను అడగలేదు.

ఆ రోజు ఏం జరిగింది

తెలంగాణలో మిరుగం నాడు చేప తినని ఇల్లు, మాంసాహారుల్లో, అరుదు. ఎండ పోయి వాన వచ్చే వేళ ఒంటికి వేడి కావాలని పెద్దలు చెబుతారు. రాంనగర్ చేపల మార్కెట్‌లో ఆ తెల్లవారుజామున కాలు పెట్టడానికి చోటుండదు. ఇక కర్రీ పాయింట్ నడిపే ఇంట్లో సంగతి చెప్పాలా. ఆ రోజు వాళ్లకు మామూలు ఆదివారం కంటే గిరాకీ ఎక్కువ.

మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్. "మేడమ్, ఛాతిల ఏదో అడ్డం వడ్డట్టున్నది. నోట్లకెంచి నురుగొస్తున్నది. కుట్లు తెగినయా?" వెనక ఆమె అత్తమ్మ గొంతు: "ముల్లు గుచ్చుకున్నది కావచ్చు, ఉత్తన్నం ముద్ద మింగు బిడ్డా."

నేను మొదట చెప్పిన మాట అదే: అన్నం ముద్ద మింగొద్దు, నీళ్లు కూడా తాగొద్దు. ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద, అరటిపండు మింగడం మన ఇళ్లలో పాత అలవాటు. మామూలు మనిషికే అది మంచిది కాదు, ముల్లు ఇంకా లోతుకు దిగొచ్చు. స్లీవ్ ఉన్నవాళ్లకు ఇరుకు గొట్టంలో ఇంకో బిరడా కొట్టినట్టే.

తర్వాత వరసగా అడిగాను. జ్వరం ఉందా? ఎడమ భుజంలో నొప్పి ఉందా? ఊపిరి ఆడుతోందా? వాంతిలో రక్తం కనిపించిందా? ఒంటిమీద దద్దుర్లు, పెదాల వాపు? అన్నిటికీ లేదనే చెప్పింది. మీదికి వచ్చే లాలాజలాన్ని మింగలేక ఉమ్మేస్తోంది. వెంటనే రమ్మన్నాను. ఇలాంటి ఫోన్‌కు "కాసేపు చూడండి" అని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. స్లీవ్ కుట్ల దగ్గర లీక్ ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే బయటపడుతుంది, అది ప్రాణాల మీదకు తెస్తుంది. నాడి నిమిషానికి 120 దాటిందంటే సర్జన్లు మరో ఆలోచన లేకుండా లీక్ అనుమానిస్తారు.

ఆటోలో వస్తుండగానే వాంతి అయింది. ఆమె భర్త తెలివిగా ఆ కవర్‌ను పారేయకుండా తెచ్చాడు. చూడటానికి ఇబ్బందిగా ఉన్నా మాకు అది పెద్ద సాక్ష్యం. అందులో జిగురు నురుగు, అన్నం మెతుకులు, రెండు రొయ్యలు. రొయ్యలు దాదాపు మొత్తంగా ఉన్నాయి. ఒక్కోదాన్ని రెండు మూడు పంటిగాట్లకు మించి నమలలేదని చూస్తేనే తెలుస్తోంది.

వాంతితో నొప్పి సగం తగ్గింది. నాడి 92, జ్వరం లేదు, బీపీ బాగుంది, పొట్ట మెత్తగా ఉంది. సర్జన్ ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు. నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదు. వికారం వల్ల వారం రోజులుగా మల్టీవిటమిన్ మానేశానని ఆమె అప్పుడు చెప్పింది. అందుకని గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ ఇచ్చారు. ఈ సర్జరీ అయిన మనిషికి వాంతులు, తిండి తగ్గడం కలిసి ఉంటే థయమిన్, అంటే బి1 విటమిన్ గుర్తుకు రావాలి. అది అడుగంటి ఉన్నప్పుడు ముందు గ్లూకోజ్ ఇస్తే మెదడు, నరాలు దెబ్బతినొచ్చు. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోయినా "అజీర్తి" అనుకుని ఇంట్లో కూర్చునే పేషెంట్ల గురించి నాకు ఎప్పుడూ టెన్షనే.

మర్నాడు ఉదయం, లోపలి దారి స్పష్టంగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందు తాగించి ఎక్స్‌రే తీశారు. ఇక్కడ ఆమె భర్త ఒక సందేహం అడిగాడు: చేప, రొయ్య పడనివాళ్లకు ఆ మందు ఇవ్వకూడదట కదా? చాలామందికి ఈ అనుమానం ఉంది. రొయ్య ఎలర్జీ రొయ్యలోని ఒక ప్రొటీన్ వల్ల వస్తుంది, కాంట్రాస్ట్‌లోని అయోడిన్‌తో దానికి సంబంధం లేదు. పైగా ఈమెకు ఎలర్జీ గుర్తులే లేవు. మందు సాఫీగా కిందికి దిగింది. లీక్ లేదు. స్లీవ్ మధ్యలో మలుపు తిరిగే చోట ఇరుకు ఏర్పడితే ఇలాగే తిండి అడ్డం పడుతుంది, ఆ ఇరుకూ లేదు. ముల్లు గుర్తూ లేదు.

తప్పు ఎక్కడ

సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, ఆ మధ్యాహ్నం ఏం తిన్నదో నిమిషం నిమిషం చెప్పించుకున్నాను. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ అరగంటలోనే ఉంది.

పొద్దున ఆరు నుంచి వంట. ప్రొటీన్ పౌడర్ తాగలేదు, టైం లేదు. బొచ్చె చేపల పులుసు, రొయ్యల వేపుడు. ఉప్పు, పులుపు చూడటానికి గరిటె అంచుకు అంటుకున్నంత నాకుతూ పోయింది, ఎన్నిసార్లో ఆమెకే తెలియదు. రెండు గంటలకు గిరాకీ తగ్గాక, ఆకలితో, నిలబడే తట్టలో కొంచెం అన్నం పెట్టుకుని పులుసు పోసుకుంది. బొచ్చె పొట్ట ముక్క సగం తింది. "చార్ట్‌ల రాసిన్రు కదా మేడమ్, చాప తినొచ్చని." అది బాగానే దిగింది. తర్వాత నాలుగు రొయ్యలు. చివరికి గ్లాసు నీళ్లు. మొత్తం అయిదు నిమిషాలు.

ఆమెకు మిగిలిన అభిప్రాయం ఏమిటంటే: "చాప నాకు పడలే. ఇగ జన్మల ముట్ట."

అందరికంటే తక్కువ తప్పు చేసింది ఆ చేప ముక్కే. బొచ్చె పొట్ట ముక్క మెత్తగా ఉంటుంది, పులుసులో ఉడికింది, దిగిపోయింది. అడ్డం పడ్డవి వేపుడులో బిగుసుకుపోయిన రొయ్యలు. రొయ్యకు మూడు నాలుగు నిమిషాల వేడి చాలు, అంతకు మించితే రబ్బరు అవుతుంది. కర్రీ పాయింట్ వేపుడు ఇరవై నిమిషాలైనా మూకుడులో ఉంటుంది, పైగా అమ్మకం అయ్యేదాకా వేడి మీదే ఉంచుతారు. దాని కింద అన్నం ముద్ద. పులుసు కలిపిన అన్నం మనకు సులభంగా జారుతుంది కాబట్టి నమలం, మింగుతాం. స్లీవ్‌లో అది పిండిముద్దలా కూర్చుంటుంది. దాని మీద నీళ్లు.

నేను "చేప" అని రాసినప్పుడు నా మనసులో ఉన్నది ఆవిరి మీద ఉడికి, ముల్లు తీసి, చెంచాతో తినే రెండు చెంచాల చేప. ఆమె చదువుకున్నది చేపల కూర. మనలో ఎవరైనా చేపల కూరను అన్నం లేకుండా ఎప్పుడైనా తిన్నామా? చేప అంటే పులుసు, పులుసు అంటే అన్నం, మిరుగం అంటే పక్కన రొయ్యలు. ఒక్క మాట వెనక ఆమె ఇంటి భోజనం మొత్తం ఉంది. నేను అది చూడలేదు.

ఆ రాత్రే ఇంకో విషయం తట్టింది. మనం ముల్లును నాలుకతో పసిగట్టి పక్కకు నెట్టేస్తాం. చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య అది. కానీ ఆ విద్య పెద్ద ముద్దతో, మామూలు వేగంతో నేర్చుకున్నది. ఒక చిన్న రేకును ఇరవై అయిదు సార్లు నమలమంటే, కొద్దిసేపటికి నోరు విసుగెత్తి సన్నముల్లును కూడా మింగేస్తుంది. కాబట్టి ఈ వారాల్లో ముల్లు తీసే పని నోటికి వదలకూడదు, తట్టలోనే వేళ్లతో అయిపోవాలి.

మళ్లీ మొదలు

రెండు రోజులు ద్రవాలు, మూడు రోజులు గుజ్జు. తర్వాత చేప. మళ్లీ చేపతోనే మొదలుపెట్టాలని నేను పట్టుబట్టాను. ఆ భయం అలాగే గట్టిపడితే ప్రొటీన్‌కు దారి మూసుకుపోతుంది. సర్జన్ ఒప్పుకున్నారు.

వంట విషయంలో నేను ఆమెకు నేర్పింది తక్కువ, ఆమే నాకు నేర్పింది ఎక్కువ. నేను చెప్పిందల్లా కొలత, వేగం, ఏమేం ఉండకూడదో అంతే. బొచ్చె, రవ్వ, బంగారుతీగ లాంటి చేపల్లో కండ లోపల వై ఆకారంలో సన్నటి ముళ్లు ఉంటాయి, వీపు వైపు, తోక వైపు మరీ ఎక్కువ. కొర్రమీనులో ఆ బాధ చాలా తక్కువ, నడుమ ముల్లు తీస్తే దాదాపు అయిపోయినట్టే. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. గాలి పీల్చుకునే చేప కాబట్టి మార్కెట్‌లో బతికుండగానే దొరుకుతుంది, నిలవ బాధ లేదు. ధర మాత్రం ఎక్కువ. రోజుకు 60 గ్రాముల చేప తినే మనిషికి అది పెద్ద ఖర్చు కాదని ఆమే అంది, "ఒక చాప తెస్తే నాకు నాలుగు రోజులు." సముద్రపు చేప కావాలనుకునేవాళ్లకు పండుగప్ప, చందువ బాగుంటాయి.

ఆమె చేసిన పద్ధతి ఇది. కొర్రమీను ముక్కకు కొంచెం ఉప్పు, పసుపు, అల్లం రసం పట్టించి ఇడ్లీ పాత్రలో ఎనిమిది, పది నిమిషాలు ఉడికించడం. చల్లారాక స్టీలు తట్టలో వేళ్లతో రేకులు విడదీసి ఒకసారి, మళ్లీ ఒత్తి చూస్తూ రెండోసారి ముల్లు వెతకడం. దాని మీద కారం లేని, చింతపండు తగ్గించిన పలుచటి పులుసు రెండు చెంచాలు, తడి కోసం. తడి లేకపోతే ఎంత మెత్తటి చేప అయినా ఛాతీలో పట్టేస్తుంది. మిగిలిన చేపను మర్నాడు మళ్లీ వేడి చేసి తినేవాళ్లు ఇబ్బంది పడేది ఇందుకే. ఆమెకు కూడా ఎనిమిదో వారంలో ఒకసారి ఇలాగే పట్టేసింది. వాంతి కాలేదు, అరగంటలో తగ్గింది. ఆ తర్వాత పొడి ముక్క జోలికి పోలేదు.

మొదటి రోజు 15 గ్రాములు. టీ చెంచాతో, చెంచాకూ చెంచాకూ మధ్య ఒక నిమిషం. కూర్చుని, కర్రీ పాయింట్ తెరవకముందే. తినడానికి ముందు, తర్వాత అరగంట నీళ్లు లేవు. ముక్కు కారినా, ఎక్కిళ్లు వచ్చినా అక్కడితో ఆపేయాలి, తట్టలో ఎంత మిగిలినా సరే. చాలామందికి కడుపు నిండిన సంగతి ముందు ముక్కుకే తెలుస్తుంది. ఆమె మొదటి చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. అది దిగాక, "ఏం కాలే" అంది. ఆ మాట కోసం నేను వాళ్లింటి దాకా వెళ్లాను, వెళ్లినందుకు ఇప్పటికీ సంతోషమే.

ఏడో వారం చివరికి పూటకు 30 గ్రాములు, రోజుకు రెండు పూటలు. చేప నుంచి 13 గ్రాములు, గుడ్డు 6, పనీర్ 7, పెరుగు 5, పాలు 6. రుచి లేని ప్రొటీన్ పౌడర్ ఒక స్కూప్‌ను జీలకర్ర వేసిన మజ్జిగలో కలిపితే 24. మొత్తం 61. వెనిలా పోయి మజ్జిగ రావడం ఆమెకు చేపంత మేలు చేసింది. చేపలో బి12 ఉంటుంది కదా, మాత్ర మానేయనా అని అడిగింది. వద్దన్నాను. స్లీవ్ తర్వాత ఆమ్లం, బి12ను పట్టుకునే పదార్థం రెండూ తగ్గుతాయి, తిండితో సరిపోదు. క్యాల్షియం, విటమిన్ డి, ఐరన్‌ల సంగతీ అంతే.

రుచి చూసే సమస్య మాత్రం నా చేతిలో లేదు. ఆమె బతుకుతెరువే అది. "చూడకుండ ఎట్ల వండుత?" అని రెండుసార్లు అడిగింది. చివరికి వాళ్లింట్లోనే, తోడికోడలితో తేలింది. "రుచి మా యారాలు చూస్తది. ఆమెకు నా చేతి ఉప్పు తెలుసు."

కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పేషెంట్లు సొరపుట్టు గురించి అడుగుతారు. పొడిపొడిగా చిదిమిన చేప కాబట్టి ఈ దశకు సరిపోతుందని వాళ్ల ఆలోచన, ఆకృతి వరకు అది నిజమే. కానీ సొరలో పాదరసం ఎక్కువ, ముఖ్యంగా పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు నేను వద్దంటాను. అదే పొరుటును పండుగప్పతో చేసి, నూనె తగ్గించి, కాస్త తడిగా దించుకుంటే బాగా దిగుతుంది. పీతలో మాంసం మెత్తనే, పెంకు ముక్కలతోనే భయం. ఎండు చేపలు, ఎండు రొయ్యలు ఈ దశలో అసలు వద్దు.

పదో వారంలో ఆమె బరువు 94 కిలోలు. వాంతులు మళ్లీ రాలేదు. రొయ్యలు ఎప్పుడని అడిగింది. ఈసారి "తినొచ్చు" అని రాయలేదు. పచ్చి రొయ్యను సన్నగా తరిగి, గిలక్కొట్టిన గుడ్డులో కలిపి మూడు నిమిషాల్లో దించమని, మొదటి రోజు రెండు రొయ్యలకు మించొద్దని, మరుసటి వారం నుంచి మొదలుపెట్టమని రాశాను.

అప్పటికి ఆషాఢం దగ్గర పడింది, గోల్కొండలో మొదలై ఊరంతా బోనాలు. చీటీ మడిచి సంచిలో పెట్టుకుంటున్న ఆమెను కూర్చోమన్నాను.

"బోనాల నాడు మీ ఇంట్లో ఏం వండుతారమ్మా? దేంతో తింటారు?"

ఆమె చీటీ మళ్లీ బయటికి తీసి, పెన్ను అడిగింది.